బయటవాళ్ళకి తెలియొద్దూ?

ఆసుపత్రి క్వార్టర్సు, మూడో అంతస్తు
జూన్ 9

అక్కా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటే అని నవ్వుకో. మీ ఆనకట్ట మీద సిగ్నలు పావుగంట వస్తే ముప్పావుగంట పోతుందన్నది ఒక కారణం. ఫోనులో అయితే నువ్వు నా మాటకి అడ్డం పడతావన్నది అసలు కారణం. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

ఇక్కడ పరిస్థితి ఏం బాగాలేదు. పోయిన నెల ఒకే రోజు ఆపరేషన్లయిన ముగ్గురికి కుట్లు చీము పట్టాయి. ఇద్దరు మందులతో బయటపడ్డారు. మూడో ఆవిడ బట్టలు కుట్టుకు బతికే మనిషి, మోకాలి ఆపరేషను. మళ్ళీ కోసి, కడిగి, మళ్ళీ కుట్టారు. ఇప్పుడా కాలు సగమే వంగుతుంది. మిషను తొక్కే కాలు అదే.

కత్తులూ కత్తెరలూ వెళ్ళేది మా గది నుంచే కదా. అందరి వేళ్ళూ మా వైపే. కడిగిన సామాను గుడ్డల్లో మూటకట్టి ఆవిరి మిషనులో పెడతామని నీకు తెలుసు. మూట మధ్యలో ఒక కాగితం పట్టీ పెడతాం. దాని మీద తెల్లటి గీతలుంటాయి. ఆవిరి సరిగ్గా పడితే ఆ గీతలు నల్లబడతాయి. నల్లబడితేనే సామాను పైన ఆపరేషను గదికి వెళ్ళాలి. ఆ పట్టీని రిజిస్టరులో అంటిస్తాం, సాయంత్రం మా గదికి పెద్ద అయిన మాస్టారు పేజీ కింద సంతకం పెడతారు. ఆ రోజు పట్టీలన్నీ నల్లగానే ఉన్నాయి. అయినా ఇలా జరిగింది. అంటే మాస్టారు చూడకుండా సంతకం పెట్టారని, పట్టీ ఏదో మారిందని అంటున్నారు. ఆయన్ని పనిలోంచి ఆపేశారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఇంకో పదకొండు నెలల్లో రిటైరు. జూలై 28న విచారణ. ఆ రోజు తేల్చేస్తారు, ఆయన పరువుతో ఇంటికెళ్తారో, మెడపట్టి గెంటించుకుని వెళ్తారో.

నాకు పని నేర్పింది ఆయనే. ఆయన దగ్గరొక బిస్కెట్ల డబ్బా ఉంది. రోజూ మొదటి మూటలో రెండు పట్టీలు పెట్టి, ఒకటి రిజిస్టరులో అంటించి రెండోది ఆ డబ్బాలో వేస్తారు. కొత్తగా చేరినవాళ్ళకి తీసి చూపిస్తారు, "ఇదీ నలుపంటే. దీనికంటే ఒక్క పిసరు తక్కువైనా నలుపు కాదు" అని.

ఆయన కోసం ప్రార్థించు. ఇంకొకటి అడుగుతాను, కాదనకు. గోడ పడిన రోజు సంగతి నీ చేత్తో రాసి పంపు. నాకు తొమ్మిదేళ్ళు, నీకు పదమూడు. ఆ మధ్యాహ్నం వానకి పక్కింటి గోడ మన వంటింటి మీద పడితే, బల్ల కింద ఇద్దరం ఇరుక్కుపోయాం. చీకట్లో నువ్వు నా చెయ్యి పట్టుకుని, "దేవుడు నాతో చెప్పాడే, వస్తున్నారు" అన్నావు. వచ్చారు. కష్టం వచ్చినప్పుడల్లా ఆ మాట తలుచుకునే గట్టెక్కాను. ఈమధ్య ఎంత తలుచుకున్నా ఏమీ కావడం లేదు. నీ అక్షరాల్లో చూస్తే అవుతుందేమో.

నీ చెల్లి

ఆనకట్ట, గేజి గది
జూన్ 18

ఒసేయ్ మైకూ,

నీ ఉత్తరం తెచ్చిన మనిషి "ఎవరైనా పోయారా అమ్మా" అని అడిగాడు. ఈ కాలంలో కవరు చేత్తో రాసేది చావు కబురుకేనట.

ఇక్కడంతా మామూలే. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, సాయంత్రం మెట్లు దిగి, నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి రాస్తాను. నా ముందు పనిచేసినాయన మోకాళ్ళ నొప్పులని ఆరు నెలలు గదిలో కూర్చునే అంకెలు వేశాడట. నది మాత్రం ఆయన అంకెల్ని చదువుకోలేదు. దిగువన ఇరవై ఇళ్ళు మునిగాక గానీ సంగతి బయటపడలేదు. అందుకే నేను వానలోనూ దిగుతాను, జారిపడి తుంటి విరిగినా సరే.

మీ మాస్టారి కోసం ప్రార్థిస్తాను. పెద్దమనిషి. నీ పెళ్ళిలో నా పక్కన కూర్చుని, నా చెంచా ఎంత శుభ్రంగా ఉందో వెలుతురుకి పెట్టి చూసిన మనిషి ఆయనే కదా?

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రెండు పేజీల ఉత్తరంలో మాస్టారున్నారు, డబ్బా ఉంది, టైలరమ్మ కాలుంది. నువ్వెక్కడే? ఆ రోజు నీ డ్యూటీ ఏమిటి? "పట్టీ ఏదో మారింది" అన్నావు. పట్టీకి కాళ్ళున్నాయా తనంతట తను మారడానికి?

గోడ సంగతి నన్ను అడగకు. అది నువ్వు చెప్తేనే బాగుంటుంది. నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు.

అక్క

ఆసుపత్రి క్వార్టర్సు
జూన్ 24

అక్కా,

అడిగింది రాయమంటే ఆరా తీస్తావా? నువ్వు నా అక్కవా, విచారణ కమిటీవా? నా డ్యూటీ నేను చేశాను. మా గదిలో నలుగురం పనిచేస్తాం, నలుగురినీ ప్రశ్నలడిగారు, నలుగురం ఒకే జవాబు చెప్పాం.

గోడ సంగతి గుర్తు లేదన్నావు. నువ్వు! పోయిన ఏడాది కూడా మా ప్రార్థన కూటంలో ఆ సంగతి చెప్పి పదిమందిని ఏడిపించాను. ఇష్టం లేకపోతే లేదని రాయి, అంతేగానీ మర్చిపోయానని అబద్ధాలాడకు.

ఇక్కడ నా తలనొప్పులు నాకు చాలు.

చెల్లి

ఆసుపత్రి క్వార్టర్సు
జూలై 3

అక్కా,

మొన్నటి ఉత్తరం చింపి పారేయి. నువ్వు జవాబు రాసేలోపే ఇది రాస్తున్నాను. సగం రాసి మూడు రోజులు బియ్యం డబ్బా మీద పెట్టుకున్న కాగితమిది. ఇది నీకు చేరిందంటే వేసే ధైర్యం వచ్చిందనుకో.

పట్టీ మార్చింది నేను.

ఆ పొద్దున రెండో విడత మూటలు తీశాను. పట్టీ మీద గీతలు బూడిదరంగులో ఉన్నాయి. నల్లబడలేదు. ఆవిరి తగ్గిందని అనుమానం వచ్చి మాస్టారు అప్పటికే బాయిలరు గదికి వెళ్ళారు. నియమం ఏమిటంటే మూటలన్నీ విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ మిషనులో పెట్టాలి. గంటన్నర పని. పైనుంచి ఫోను మీద ఫోను. హెడ్ నర్సు, "మనిషి బల్ల మీద ఉంది, మత్తు ఇచ్చేశారు, ట్రేలేవి" అని అరుస్తోంది. ఇంకో గంటన్నర పడుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ అంటే నాకు మొదట్నుంచీ భయం.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? ప్రార్థించాను. మూట మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను. వేడికి చెయ్యి కాలింది కూడా. గోడ కింద నన్ను కాపాడినవాడు ఈ నాలుగు కత్తెరల్ని కాపాడలేడా అనుకున్నాను. ఆ చీకటీ నీ చెయ్యీ గుర్తు తెచ్చుకున్నాను. మనసు ఎంత నెమ్మదించిందంటే, జవాబు వచ్చిందనే అనుకున్నాను. మాస్టారి డబ్బాలోంచి ఒక నల్లటి పట్టీ తీసి రిజిస్టరులో అంటించాను. బూడిదరంగుది కొంగున కట్టుకుని ఇంటికెళ్ళాక పొయ్యిలో వేశాను. మూటలు పైకి పంపాను. దొంగతనం చేస్తున్నానని అనిపించలేదక్కా. నమ్మకం అనిపించింది.

చాలా రోజుల కింద ఎప్పుడో నల్లబడిన పట్టీ అది. ఆ రోజు మూట గురించి దానికేం తెలుసు?

సాయంత్రం మాస్టారు పేజీ చూసి, "అన్నీ నల్లగా ఉన్నాయి కదమ్మాయ్" అని సంతకం పెట్టారు. నేను తలూపాను.

ఆయన్ని ఆపేసిన రోజు తన టీ గ్లాసూ, కళ్ళజోడూ సంచిలో వేసుకుంటూ, నా వైపు చూసి, "గది జాగ్రత్త" అన్నారు. ఇప్పుడు ఆయన కుర్చీలో నన్నే తాత్కాలికంగా కూర్చోబెట్టారు. సంతకాలు నేనే పెడుతున్నాను.

పోయిన ఆదివారం టైలరమ్మ ఉండే వీధికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే మిషను. జబ్బు కాలు పక్కకి చాపి, రెండో కాలితో తొక్కుతోంది. అలవాటు లేని కాలు కదా, మిషను వెనక్కి తిరిగి దారం తెగుతోంది. మళ్ళీ ఎక్కిస్తుంది, మళ్ళీ తెగుతుంది. ఎదురుగా గుండీల దుకాణంలో నిలబడి ఏడుసార్లు లెక్కపెట్టాను. దుకాణంవాడు ఏం కావాలి అంటే అరడజను తెల్ల గుండీలు కొనుక్కుని వచ్చేశాను.

రోజూ దేవుడికి చెప్పుకుంటున్నాను. ఏడ్చి, క్షమించమని అడుగుతున్నాను. లేచేసరికి అంతా అలాగే ఉంటుంది. అక్కా, ఆ రోజు నీతో ఎలా చెప్పాడు? గొంతు వినిపించిందా? మనసులో తోచిందా? అదొక్కటి రాయి. ఈసారి కూడా ఏదో ఒక దారి వస్తుందని నమ్మడానికి నాకదొక్కటే ఉంది.

నీ చెల్లి

ఆనకట్ట, గేజి గది
జూలై 12

మైకూ,

ముందు తిట్లు పెడదామని కూర్చున్నాను. ఒక పేజీ తిట్టి చింపేశాను. తిట్టే మొహం నాకు లేదు. ఎందుకో చెప్తాను.

దేవుడు నాతో ఏమీ చెప్పలేదే.

గొంతు లేదు, మనసులో తోచడం లేదు. చీకటి, దుమ్ము, నా కాలి మీద దూలం, నువ్వు. అంతే ఉంది. నేను ప్రార్థించను కూడా లేదు. మనం చచ్చిపోతామనే అనుకున్నాను. నువ్వేమో గోడ పడిన క్షణం నుంచీ అరుస్తూనే ఉన్నావు. "మేం ఇక్కడున్నాం! మేం ఇక్కడున్నాం!" ఆపకుండా. నా చెవులు పగిలిపోతున్నాయి. అరిస్తే గాలి అయిపోతుందని ఎవరో చెప్పగా విన్నాను. నీ నోరు మూయించడానికి ఆ అబద్ధం ఆడాను. "దేవుడు నాతో చెప్పాడే, వస్తున్నారు, ఇక ఊరుకో."

నువ్వేమన్నావో గుర్తుందా? లేదని నీ ఉత్తరాలు చూస్తేనే తెలుస్తోంది. "దేవుడికి తెలిస్తే సరిపోతుందా? బయటవాళ్ళకి తెలియొద్దూ?" అన్నావు. తొమ్మిదేళ్ళ పిల్లవి, ముక్కు నిండా మట్టి. అని మళ్ళీ మొదలుపెట్టావు. గొంతు జీరబోయింది, నువ్వు ఆపలేదు. బయట పలుగులు పట్టుకున్నవాళ్ళు అవతలి వైపు తవ్వుతున్నారట. నీ కేక విని ఇటు తిరిగారు. నాన్నే చెప్పాడు. ఆ రోజు నుంచే కదే నీకు మైకు అని పేరు!

బయటికొచ్చాక నువ్వు అందరికీ చెప్పావు, "అక్కతో దేవుడు మాట్లాడాడు" అని. అమ్మ నన్ను గుండెలకి హత్తుకుంది. ఇరుగుపొరుగు నన్ను ఒక రకంగా చూడటం మొదలుపెట్టారు. కాదని చెప్పడానికి సిగ్గేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను. ముప్పై ఏళ్ళయింది. నువ్వు ఆ సంగతి చెప్పి పదిమందిని ఏడిపించినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టు ఉండేది. గుర్తు లేదని రాశాను చూడు, అదీ అబద్ధమే. ప్రతి ముక్కా గుర్తుంది.

నువ్వా పట్టీ అంటించడానికి ధైర్యం నా అబద్ధం ఇచ్చిందని చదివాక, రెండు పూటలు నది గీత చూడటానికి దిగలేకపోయాను. పక్క గేటు కాపలాదారుని పంపాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఇప్పుడు నన్నేం చేస్తావో చెయ్యి. మాట్లాడటం మానేసినా తప్పు పట్టను. ఒక్కటి మాత్రం విను. గోడ కింద నమ్మకమంటూ ఉన్నది నీకు. నాకు కాదు. నీ నమ్మకం కళ్ళు మూసుకుని నెమ్మదిగా కూర్చునే రకం కాదు, గొంతు చించుకునే రకం. దాన్ని పక్కన పెట్టి, నా అబద్ధాన్ని ఇన్నేళ్ళూ దాచుకున్నావు.

రోజూ దేవుడికి చెప్పుకుంటున్నానన్నావు. ఆయనకి ఆ రోజే తెలుసు. బయటవాళ్ళకి తెలియొద్దూ?

అక్క

ఆసుపత్రి క్వార్టర్సు
ఆగస్టు 1

అక్కా,

నీ ఉత్తరానికి వెంటనే రాయలేకపోయాను. కోపం కాదని చెప్తే అబద్ధం. వారం రోజులు నీ ఫొటో గోడకి తిప్పి పెట్టాను. ఆ తర్వాత ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే ఆ కేక గుర్తొచ్చింది. మాటలు కాదు, గొంతులో మట్టి రుచి. ఫొటో మళ్ళీ తిప్పాను.

విచారణ నాలుగు రోజుల కింద అయింది. పెద్ద హాలు, పొడుగు బల్ల, వెనక కుర్చీల వరసలు. సూపరింటెండెంటు మధ్యలో కూర్చున్నారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని ఒక పక్కన. టైలరమ్మ చేతికర్రతో ముందు వరసలో. నేను అందరికంటే వెనక, తలుపు దగ్గర. పారిపోవడానికి వీలుగా కూర్చున్నాననే రాస్తాను, నీ దగ్గర దాచేదేముంది.

అంతా చదివాక సూపరింటెండెంటు మాస్టారిని, "మీరేమైనా చెప్పుకునేది ఉందా?" అన్నారు. మాస్టారు ఒళ్ళో సంచి సర్దుకుని, "లేదండి" అన్నారు. "ఇంకెవరైనా?" ఎవరూ లేరు. కాగితాలు సర్దుతున్నారు.

లేచాను. "నేను చేశాను" అనాలని నాలుగు రోజులు అద్దం ముందు అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "నేనిక్కడున్నానండి." అదీ హాలు దద్దరిల్లేలా. అందరూ వెనక్కి తిరిగారు. ఎవరో నవ్వారు. సూపరింటెండెంటు, "ఉన్నావు సరేనమ్మా, కూర్చో" అన్నారు.

కూర్చోలేదు. చెప్పాను. బూడిదరంగు పట్టీ, డబ్బా, ఫోను, పొయ్యి. మూట మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపానని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు ఒంటి మీద బట్ట లేనట్టు అనిపించింది. హెడ్ నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టైలరమ్మ కర్ర ఆనించి లేచింది. కోపంగా కూడా లేదు.

"ప్రార్థన చేసి పంపావా?" అంది. "ఆ పొద్దున నేనూ ప్రార్థన చేసుకునే బల్ల ఎక్కాను. మంచి చేతుల్లో పెట్టు తండ్రీ అని."

అనేసి బయటికి నడిచింది. ఆవిడ కర్ర చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

మాస్టారి మీద కేసు కొట్టేశారు. చూడకుండా సంతకం పెట్టినందుకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు, అంతే. సోమవారం నుంచి ఆయన కుర్చీ ఆయనది. నన్ను పనిలోంచి తీసేశారు. నెలాఖరుకి ఈ క్వార్టరు ఖాళీ చేయాలి. మీ మరిదిగారు రెండు రోజులు మాట్లాడలేదు, నిన్న మాత్రం అట్టపెట్టెలు తెచ్చి గిన్నెలు సర్దడం మొదలుపెట్టారు. అది నీకు చెప్పాలని కాదు ఈ ఉత్తరం.

హాలు ఖాళీ అయ్యాక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కాళ్ళ మీద పడబోతే జరిగిపోయారు. సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టారు.

"ఇందులో పట్టీలకి నేను ఓ మూల పెన్సిలు చుక్క పెడతానమ్మాయ్," అన్నారు. "మామూలు పట్టీలతో కలవకుండా. నీకెప్పుడూ చెప్పలేదు. ప్రశ్నలడుగుతూ రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టిన మొదటి రోజే చుక్క కనిపించింది. వంకరగా అంటించి ఉంది. నువ్వంటించేవి ఎప్పుడూ కొంచెం వంకరే."

"మొదటి రోజే తెలుసా సార్?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చు కదా సార్! మిమ్మల్ని గెంటేసేవాళ్ళు!"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "నేను చెప్తే నువ్వు దొరికిపోయినదానివి అవుతావు. నువ్వే వచ్చి చెప్తే అది వేరు. వస్తావనే అనుకున్నాను. రోజూ పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, తలుపు దగ్గర కూర్చునేవాణ్ణి. మా ఆవిడ నాకు మతి పోయిందనుకుంది. నిన్నటికి నాకూ నమ్మకం పోయింది. అందుకే ఇవాళ డబ్బా తెచ్చాను. ఏమైనా చెప్పుకునేది ఉందా అని ఆయన అడిగినప్పుడు చెయ్యి సంచిలోకి వెళ్ళింది. మూత మీద పెట్టి, మళ్ళీ తీసేశాను."

ఆయన లేచి, "ఆలస్యం చేశావమ్మాయ్" అన్నారు. అని డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

అక్కా, ఆయన ఇల్లు మా క్వార్టర్సుకి నాలుగు వీధుల అవతల. కూరగాయలకి ఆ దారినే వెళ్తాను. ఈ రెండు నెలలూ ఆ సందు రాగానే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేదాన్ని, ఆయన గుమ్మంలో ఉంటారేమోనని. ఆయన ఉన్నారు. నా కోసమే ఉన్నారు. ఈసారి గోడ కింద ఇరుక్కున్నది ఆయన. ఒక్క కేక కూడా వేయలేదు. బయట పలుగు పట్టుకుని నిలబడింది నేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అది నీకు తప్ప ఇంకెవరికీ రాయలేను.

నువ్వు ఆడిన అబద్ధం సంగతి. దాన్ని నేను క్షమించానని రాయబోయి ఆగాను. క్షమించడానికి నేనెవర్ని? అయినా నీ చెయ్యి మాత్రం నిజమే కదా. గోడ తీసేదాకా వదల్లేదు. అది నాకు బాగా గుర్తుంది.

ఈ మధ్యాహ్నం టైలరమ్మ ఇంటికి వెళ్తున్నాను. గుండీల దుకాణం దగ్గర ఆగను. ఆవిడ తలుపు వేసేస్తే వేస్తుంది. మిషనుకి దారం ఎక్కించడానికో, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికో మనిషి కావాలేమో అడుగుతాను. అక్కర్లేదంటే మళ్ళీ వారం వెళ్ళి అడుగుతాను. లోపల్నుంచి ఎవరు అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు.

మైకు